సర్వాయి పాపన్న

హైదరాబాదు నగరమున గుడిమల్కాపూరు అను పేట గలదు. పూల అంగళ్లకు అది నేడు పేరొందినది. అచ్చట ఎత్తయిన మేడపై నిలిచి పడమటి దిక్కు చూచినచో, ఇండ్ల కప్పుల కావల గోలకొండ దుర్గము కొండపై కానవచ్చును. దాని చెంతనున్న కార్వాను వీథులలో ఒకప్పుడు వజ్రాల వర్తకులు, దేశదేశముల బిడారులు క్రిక్కిరిసి యుండెడివారు. ఆ దుర్గమును ఏలిన కుతుబ్‌షాహీ ప్రభువుల పేర్లు చరిత్ర పుస్తకములలో వరుసగా నున్నవి. ఆ వరుసలో లేని యొక పేరును మాత్రము తెలంగాణపు పల్లెలలో పాటలు పాడువారు చేర్చి చెప్పుదురు. తాడిచెట్లెక్కి కల్లుగీయు కులమున బుట్టిన యొకడు గోలకొండ గద్దెపై గూర్చుండెనని వారి నమ్మిక. ఆ కాలపు వ్రాతలలో ఈ సంగతి కనబడదు. అయినను మూడు వందల యేండ్లుగా ఆ మాట జనుల నాలుకలపై నిలిచియున్నది. ఆతడే సర్వాయి పాపన్న.

పాపన్న కథ తెలియవలెనన్న ముందుగా ఆతని కాలము తెలియవలెను. 1686లో అక్కన్న మాదన్నలు గోలకొండ వీథులలో హత్య గావింపబడిరి. మరుసటి సంవత్సరము, అనగా 1687లో, ఔరంగజేబు సేనలు ఎనిమిది మాసములు ముట్టడించి గోలకొండను పట్టుకొనెను. కడపటి సుల్తాను తానీషా బందీయై దౌలతాబాదునకు పంపబడెను. రాజ్యము మారెను, ఉద్యోగులు మారిరి, పన్ను వసూలు చేయు పద్ధతి మారెను. చక్రవర్తి దక్షిణమున మహారాష్ట్రులతో ఎడతెగని యుద్ధములు చేయుచుండెను. ఆ యుద్ధములకు కావలసిన ధనము పల్లెల నుండియే రావలెను. కరవును రోగమును జనులను పీడించుచుండెను. బాటలలో దోపిడులు పెరిగెను. ఊరి పెద్దలు, దేశముఖులు తమ తమ గఢీలను బలపరచుకొనిరి. ఎవని చేత బలమున్నదో వాడే దొరయైన కాలమది.

పాపన్న వరంగల్లునకు నైరృతి దిశగా నున్న తాటికొండ, షాపురము గ్రామముల ప్రాంతమువాడు. షాపురమునే నేడు ఖిలాషాపురమని పిలుచుచున్నారు; అది జనగామ జిల్లాలో నున్నది. ఆతడు 1650 ఆగష్టు 18వ తేదీన జన్మించెనని జనశ్రుతి. తల్లి పేరు సర్వమ్మ యని పాటలు చెప్పును. ఇంటి వృత్తి కల్లుగీత. తెల్లవారకమున్నే లేచి, నడుమునకు మోకు బిగించి, గీతకత్తితో తాడిచెట్లెక్కి, లొట్లు దింపి తెచ్చుట ఆ వృత్తి. కాలు జారినచో ప్రాణము దక్కదు. ఇంత కష్టించినను ఆ కులమువారికి ఊరిలో గౌరవము లేదు; చెట్టుపన్ను మాత్రము తప్పదు. కులవృత్తి చేసికొని బ్రతుకుమని తల్లి నచ్చజెప్పెననియు, పాపన్న ససేమిరా యనెననియు పాటలలో గలదు. చెట్టు నెక్కువాడు కోట నెక్కరాదా యని ఆతడు తలంచి యుండును.

అయితే ఆతని తొలి అడుగు ఏ రాజుపైనను పడలేదు. ఆతని అక్కచెల్లెండ్రలో ఒకతె భర్తను గోల్పోయి, ధనవంతురాలై యుండెను. పాపన్న కొందరిని కూడగట్టుకొని ఆమె యింటిపై బడి, ఆమెను హింసించి, సొమ్ము నగలు అపహరించెనని చరిత్రకారుడు ఖాఫీఖాన్ వ్రాసెను. ఆ ధనముతో మనుష్యులను చేర్చుకొని, తాటికొండ గుట్టపై చిన్నకోట కట్టి, బాటసారులను, వర్తకులను దోచసాగెను. ఫౌజుదారులు, జమీందారులు ఆతని వెంటబడిరి. నిలువలేక దూరమున నున్న కౌలాసునకు పారిపోయి, అచ్చటి జమీందారు వెంకటరావు కొలువులో చేరెను. పాత యలవాటు మానలేదు. మరల దారి దోపిడులు చేయగా వెంకటరావు పట్టి చెరలో వేయించెను. కొన్ని నెలలు గడచినవి. అంతలో జమీందారు కుమారుడు జబ్బుపడెను. బిడ్డకు మేలు కలుగునను ఆశతో ఆ తల్లి, పుణ్యకార్యముగా, చెరసాలలోని వారినందరిని విడిపించెను. వారిలో పాపన్నయు నొకడు. ఆ యిల్లాలు తలుపులు తీయింపకున్నచో ఈ కథ అచ్చటనే ముగిసెడిది.

విడుదలయైన పాపన్న షాపురము చేరెను. అచ్చట సర్వన్న యనువాడు ఆతనికి తోడయ్యెను. వీరిద్దరి చుట్టును క్రమముగా నొక దండు కూడెను. ఆ దండులోని వారి పేర్లను పాట గ్రుచ్చి చెప్పుచున్నది: చాకలి సర్వన్న, కుమ్మరి గోవిందు, మేదరి వెంకన్న, దూదేకుల పీరు, హసను, హుసేను, కొత్వాలు మీర్ సాహెబు. ఈ పేర్లను చూచిన వారి కొక విషయము తోచకపోదు. కుండలు చేయువాడును, బుట్టలల్లువాడును, దూది యేకువాడును అందున్నారు. హిందువులును ముసల్మానులును అందున్నారు. ఊరి కొసలలో బ్రతుకుచు, ఊరి పెద్దల యెదుట తలయెత్తి నిలువలేని వారు ఒక్కచో గుమిగూడిరి. ఎదుటి పక్షమును అట్టిదే. పాపన్నపై చక్రవర్తికి మొర పెట్టుకొన్నవారిలో ముసల్మాను ఉద్యోగులే కాక హిందూ భూస్వాములు, వర్తకులు కూడ నుండిరి. కావున దీనిని మతముల నడిమి పోరాటముగా చెప్పువారు పొరబడుచున్నారు.

మొర లాలకించిన ప్రభుత్వము కొలనుపాక ఫౌజుదారు కాసింఖానును పంపెను. ఆతడు పోరులో మరణించెను. తరువాత హైదరాబాదు సుబేదారునకు ప్రతినిధియైన రుస్తుందిల్‌ఖాను స్వయముగా వచ్చి షాపురమును రెండు మాసములు ముట్టడించెను. పాపన్న, సర్వన్నలు తప్పించుకొనిరి. ఖాను కోటను పగులగొట్టించి వెడలిపోయెను. ఆతడు వెడలిపోయినదే తడవుగా వీరు తిరిగివచ్చి, ఈ మారు రాతితోను సున్నముతోను గట్టికోట కట్టిరి. ఖిలాషాపురమున నేటికిని నిలిచియున్న బురుజులు ఆ కోటవే. కొంతకాలమునకు సర్వన్న ఒక ద్వంద్వయుద్ధమున మరణింపగా పాపన్న యొక్కడే నాయకుడయ్యెను. 1707లో రుస్తుందిల్‌ఖాను మరల వచ్చి ముట్టడించెను గాని, తుదకు పాపన్న యిచ్చిన ధనము గైకొని వెనుదిరిగెను. లంచము తీసికొనిన అధికారిని తప్పుపట్టుట సులభమే. కాని ఒక గీతకార్మికుని కుమారుడు హైదరాబాదు ప్రతినిధికి లంచ మీయగలంత వాడగుట ఆనాటి పెద్దలకు అంతకన్న నెక్కువ కంటగింపయ్యెను.

పాపన్న దోచుటతో తృప్తిపడలేదు. ఏలుటకు కూడ పూనుకొనెను. బంజారా వర్తకుల పదిపండ్రెండు వేల పశువులను పట్టుకొని, వానితో తన పొలములు దున్నించెనని ఖాఫీఖాన్ వ్రాసెను. దోచిన ఎడ్లతో సేద్యము చేయించుట వింతయే. కాని సేద్యము చేయించువాడు అచ్చట నిలుచుటకు తలపెట్టినవాడే గదా! ఆతడు పల్లకిలో నూరేగెను. రెండు గొట్టముల తుపాకులు ధరించిన ఏడు వందల మంది ఆతని యంగరక్షకులు. కల్లుగీయు కులమువాడు రాజుల హంగులు దాల్చుట చూచి కొందరు పండ్లు కొరికిరి, కొందరు పొంగిపోయిరి.

1707లోనే ఔరంగజేబు మరణించెను. ఆతని కుమారులు సింహాసనమునకై తమలో తాము పోరాడజొచ్చిరి. వారిలో కాంబక్షు హైదరాబాదును పట్టి కూర్చుండెను. పెద్దవాడైన బహదూరుషా ఉత్తరమున చక్రవర్తి యయ్యెను. పల్లెలలో నేమి జరుగుచున్నదో చూచువాడు లేడు. పాపన్న ఇదే అదనని గ్రహించెను.

1708 మార్చి నెల కడపట, మొహర్రము పదవనాటి ముందు రాత్రి, ఆతని దండు వరంగల్లు కోటను సమీపించెను. కాల్బలము రెండుమూడు వేలు, గుఱ్ఱపుదళము నాలుగైదు వందలు. ఆనాడు ఊరిలోని వారు పీరుల పండుగ సన్నాహములలో నుండిరి, కావలివారును ఏమరియుండిరి. దండులో కొందరు బాటలను అడ్డగించిరి. తక్కినవారు త్రాళ్లతో గోడలెక్కి లోపలికి దుమికి ద్వారములు తెరచిరి. కాకతీయులు కట్టిన ఆ మహాదుర్గము ఏ ఫిరంగియు ప్రేలకయే ఒక గీతకార్మికుని వశమయ్యెను. చెట్లెక్కుట యెరిగినవారికి గోడ లొక లెక్కయా యని పాటలు వినువారు నేటికిని మురిసిపోవుదురు.

కాని ఆ గోడల లోపల జరిగినది మురియదగినది కాదు. వరంగల్లు అప్పటికి తివాచీలకును, మేలైన వస్త్రములకును పేరొందిన సంపన్ననగరము. రెండుమూడు దినములు దోపిడి సాగెను. నగదు, నగలు, వస్త్రములు బండ్ల కెత్తబడెను. అంతటితో ఆగలేదు. ఊరిలోని గొప్ప కుటుంబములకు చెందిన వేలకొలది స్త్రీపురుషులు, పిల్లలు చెరపట్టబడి షాపురమునకు నడిపింపబడిరి. వారిలో నగరపు ఖాజీ భార్యయు, ఆమె చిన్న కుమార్తెయు నుండిరి. కోటకు వెలుపల గోడ కట్టించి, అందు ఈ బందీల నుంచెను. ధనవంతుల కొట్లు కొల్లగొట్టుటకు కారణములు చెప్పవచ్చును. పన్నులు పిండినవారిపై పగ యనవచ్చును. తల్లి చేయి పట్టుకొని ఏడ్చుచు షాపురము బాటన నడచిన ఆ చిన్నపిల్ల యెవరిని పన్ను లడిగినది?

రెండు నెలలకు, జూన్ మొదట, మరియొక పండుగవేళ పాపన్న భువనగిరిపై బడెను. ఏకశిలపై నున్న ఆ కోట ఆతనికి లొంగలేదు. పేటను దోచి, అచ్చటను కొందరిని చెరపట్టి మరలెను.

1709 జనవరిలో బహదూరుషా పెద్దసేనతో హైదరాబాదునకు వచ్చి తమ్ముడైన కాంబక్షును ఓడించెను. కాంబక్షు గాయములతో మరణించెను. విజయుడైన చక్రవర్తి దర్బారు తీర్చెను. పాపన్న అక్కడికి వచ్చెను! పదునాలుగు లక్షల రూపాయల కానుకలు సమర్పించెను. చక్రవర్తి ఆతనికి గౌరవ వస్త్రమును బహూకరించెను. పాటలవారు చెప్పునట్లు పాపన్న గోలకొండ గద్దె నెక్కెనో లేదో గాని, మొగలు చక్రవర్తి యెదుట నిలిచి ఖిల్లతు తొడుగుకొనుట మాత్రము చరిత్రకెక్కిన సంగతి. ఆతని జీవితమున కది శిఖరము. పతనమును అచ్చటనే మొదలయ్యెను. నగరములోని పెద్దలకు ఆ దృశ్యము సహింపరానిదయ్యెను. అందరిచేత మన్నింపబడు షాఇనాయతు అను పెద్దమనిషి ముందు నడువగా వారు చక్రవర్తి కడకు పోయి మొరపెట్టిరి. తమ బిడ్డలు, బంధువులు ఇంకను షాపురమున బందీలుగా నున్నారన్నది వారి మొదటి మొర. కల్లమ్ముకొను కులమువానిని దర్బారులో గౌరవించుట తమకు అవమానమన్నది రెండవది. మొదటి మొరకు ఎవరును బదులు చెప్పలేరు. రెండవది వినిన నేటివారికి మాత్రము, పాపన్న యెందుకు కత్తిపట్టెనో కొంత బోధపడును. చక్రవర్తి తన మనస్సు మార్చుకొని, పాపన్నను అణచుమని హైదరాబాదు సుబేదారు యూసుఫ్‌ఖానున కాజ్ఞాపించెను.

యూసుఫ్‌ఖాను పంపిన దిలావరుఖాను రాకమున్నే షాపురములో ఊహింపని సంఘటన జరిగెను. పాపన్న తన భార్య సోదరుని, ఫౌజుదారుగా నున్నవానిని, చెరలో నుంచియుండెను. పాపన్న వేరొక గఢీని ముట్టడించుచు ఊర లేని సమయమున ఆమె అన్నములో ఆకురాళ్లు దాచి సోదరునికి పంపెను. ఆతడు సంకెళ్లు కోసికొని తక్కిన బందీలను విడిపించెను. వారందరు కావలివారిపై తిరుగబడి కోటను వశపరచుకొనిరి. పాపన్న పరుగుపరుగున వచ్చి, తాను కట్టిన కోటనే తాను ముట్టడింపవలసి వచ్చెను. ఇంతలో దిలావరుఖాను దండు వచ్చెను. పాపన్న తాటికొండకు తప్పించుకొనెను.

తాటికొండ ముట్టడి నెలల తరబడి సాగెను. యూసుఫ్‌ఖాను స్వయముగా వేలకొలది సైన్యముతో వచ్చి గుట్ట చుట్టును దిగెను. ఆ పల్లెకోట ఎంతకును లొంగకుండుట చూచి ఆతడు మరియొక యుపాయము పన్నెను. పాపన్నను విడిచి వచ్చినవారికి రెట్టింపు జీతమిత్తునని చాటించెను. లోపల తిండి తరిగిపోయినది, మందుగుండు అయిపోవచ్చినది. ఒక్కరొక్కరుగా అనుచరులు దిగిపోవజొచ్చిరి. చిట్టచివరకు పాపన్న మారువేషము వేసికొని, ఎవరికిని చెప్పక, ఒంటరిగా వెడలిపోయెను.

రెండు దినముల ప్రయాణము తరువాత హసనాబాదు అను పల్లె చేరెను. అది ఆతడు నెలకొల్పిన పల్లెయే. అలసటతో నొక కల్లుదుకాణమున గూర్చుండి కల్లు పోయుమని యడిగెను. వేషము మారినను మాట మారలేదు. దుకాణమువాడు గొంతు విని గుర్తుపట్టి, ఏదో నెపము చెప్పి బయటికి పోయి, వెదకుచున్నవారికి తెలిపెను. సైనికులతో వచ్చి పట్టుకొన్నవాడు, అన్నములోని ఆకురాయితో సంకెళ్లు కోసికొన్న ఆ బావమరిదియే. ఇల్లాలు, బావమరిది, తన కులమువాడే యైన కల్లుదుకాణదారు: పాపన్నను కూల్చినవారు వీరు. నేలపాలైన సోదరి యింటినుండి బయలుదేరిన కథ ఇట్లు మరల ఇంటివారి వద్దకే వచ్చెను.

1710లో యూసుఫ్‌ఖాను ఆతనిని దాచిన ధనమును గూర్చి కొన్ని దినములు విచారించి, పిమ్మట వధింపజేసెను. తలను చక్రవర్తి కడకు పంపిరి. మొండెమును హైదరాబాదు నగర ద్వారమున వ్రేలాడదీసిరి, చూచినవారు భయపడవలెనని.

భయపడిరో లేదో గాని, మరువలేదు. పాపన్న మరణించిన సుమారు ఇరువదియేండ్లకు ఖాఫీఖాన్ తన చరిత్ర గ్రంథము వ్రాసెను. అందు పాపన్న కులహీనుడైన దొంగ, క్రూరుడు. అంతకు మించి మరేమియు కాడు. అదే కాలమున పల్లెలలో పాట పుట్టి పెరుగుచుండెను. అందు పాపన్న బీదల బంధువు, పెద్దల గుండెలో బల్లెము. జె. ఏ. బాయిల్ అను ఆంగ్లేయుడు ఈ పాటను వ్రాయించుకొని 1874లో ఇండియన్ ఆంటిక్వెరీ అను పత్రికలో ప్రకటించెను. వ్రాత వచ్చినవారు వ్రాసికొనిరి, పాట వచ్చినవారు పాడుకొనిరి. ఖాఫీఖాను పుస్తకమున పన్నుల బరువు గూర్చి గాని, తాడిచెట్టు నుండి పడి మరణించినవాని గూర్చి గాని మాట లేదు. పాటలలోను వరంగల్లు ఖాజీ యింటి దుఃఖమునకు చోటు లేదు.

ఇట్టి తగవు మన దేశమునకే చెందినది కాదు. అమెరికా సంయుక్త రాష్ట్రములకు 1829 మొదలు 1837 వరకు ఆండ్రూ జాక్సను అధ్యక్షుడుగా నుండెను. బీద కుటుంబమున బుట్టి, సామాన్యుల ప్రతినిధిగా గద్దె నెక్కిన ఆతనిని లక్షలాది జనులు నెత్తిన పెట్టుకొనిరి. ఆతడే 1830లో చేయించిన శాసనము వలన చెరోకీ మొదలగు ఆదివాసులు తరతరాల భూములు విడిచి పడమటికి తరలింపబడి, త్రోవలో వేలకొలది మరణించిరి. ఆతని బొమ్మ ఇరువది డాలర్ల నోటుపై నున్నది. అది యుండవలెనా కూడదా యని అచ్చట వాదములు జరుగుచున్నవి.

మన దేశమున ఇటీవలి కాలములో విద్వాంసులు పారసీక గ్రంథమును, తెలుగు పాటను ప్రక్కప్రక్కన పెట్టి చదువ నారంభించిరి. అప్పటినుండియే పాపన్న కథ చరిత్రగా తేటపడజొచ్చినది. కల్లుగీత కార్మికులు ఆతనిని తమ కులపురుషునిగా కొలుచుచున్నారు. తెలంగాణ ప్రభుత్వము ఆగష్టు 18వ తేదీన ఆతని జయంతిని అధికారికముగా జరుపుచున్నది. ఊరూర గుఱ్ఱముపై కత్తి పట్టిన విగ్రహములు వెలసినవి. ఒగ్గుకథలవారు, శారదకథలవారు నేటికిని ఆతని కథ చెప్పుచున్నారు. విద్యార్థులు ఖిలాషాపురము పోయినచో ఆ కోటబురుజులను చూడవచ్చును. రాళ్ల నడుమ సున్నము ఇంకను గట్టిగనే యున్నది. గోడలకు వెలుపల, బందీలనుంచిన ఆవరణము ఎచ్చట నుండెనో చూపుటకు మాత్రము అచ్చట ఏ గురుతును లేదు.